పుట్టినరోజు వేడుక – పసిపిల్లలున్న ఇంట్లో జాగ్రత్తలు

బాబుకో పాపకో పుట్టినరోజు వస్తున్నదంటే ఇంటిల్లిపాదికీ సంబరమే. కేకు ఎక్కడ చేయించాలి, ఎంతమందిని పిలవాలి, షామియానా వేయాలా అని నెల ముందునుంచే మాట్లాడుకుంటారు. పిల్లల వార్డులో పనిచేసే మాకు మాత్రం, కొత్త గౌను మీదే, జుట్టులో మెరుపు కాగితాలు పోకముందే అత్యవసర విభాగానికి ఎత్తుకొచ్చిన పిల్లలు గుర్తుకు వస్తారు. అందుకే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ముందుగా బెలూన్లు. పగిలిన బెలూన్ ముక్కను పిల్లలు నోట్లో పెట్టుకొని పీలుస్తారు. పలుచని ఆ రబ్బరు గొంతులో పొరలా అతుక్కొని శ్వాసమార్గాన్ని పూర్తిగా మూసివేయగలదు. ఎనిమిదేళ్ళలోపు పిల్లల చేతికి ఊదని బెలూన్ ఇవ్వవద్దు. పగిలిన ముక్కలు వెంటనే ఏరివేసే పని ఇంట్లో ఒక పెద్దవారికి అప్పగించండి. పైకి ఎగిరే గ్యాసు బెలూన్లలో చాలాచోట్ల హైడ్రోజన్ నింపుతారు. అది నిప్పు తగిలితే భగ్గున మండుతుంది. కొవ్వొత్తులు వెలిగించే గదిలో అవి అసలే వద్దు.

కేకు కోసేటప్పుడు చల్లే నురుగు స్ప్రే కూడా అటువంటిదే. చూడటానికి సబ్బు నురుగులా ఉంటుంది గాని, డబ్బాలోంచి దాన్ని బయటకు నెట్టే గ్యాసు మండే గుణం కలది. వెలుగుతున్న కొవ్వొత్తి ముందు, సరిగ్గా పాప ముఖం మీదికి దాన్ని కొడతాం! ఇలా కాలి వచ్చిన మూడేళ్ళ పాప ముఖానికి కట్టు మార్చేటప్పుడు తండ్రి గది బయట నిలబడి ఏడ్చాడు. స్ప్రే తెచ్చింది ఆయనే. కాలితే 20 నిమిషాలపాటు కుళాయి నీరు ధారగా పోయండి. పేస్టు, సిరా, వెన్న రాయకండి.

పాట పాడే కొవ్వొత్తులలో గుండీలాంటి చిన్న బ్యాటరీ ఉంటుంది. వేడుక అయ్యాక దానిని పిల్లలకు ఆడుకోవడానికి ఇచ్చేస్తారు. బ్యాటరీ మింగితే, అన్నవాహికలో ఇరుక్కొని రెండు గంటలలోపే లోపలి కండను కాల్చివేయగలదు. బిడ్డ బాగానే ఆడుతున్నా ఆగకండి, వాంతి చేయించకండి, వెంటనే పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

ఇక తినుబండారాలు. మిక్చరులోని వేరుశనగ గింజలు, గట్టి చాక్లెట్లు, కోయని ద్రాక్షపండ్లు నాలుగేళ్ళలోపు వారి ప్లేటులో వేయవద్దు. గొంతులో ఏదైనా అడ్డుపడి బిడ్డ గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. ఏడవలేక, దగ్గలేక నీలంగా మారుతుంటే మాత్రం ఒకరు 108కి ఫోను చేస్తుండగా మరొకరు ఇలా చేయాలి. ఏడాదిలోపు బిడ్డను ముంజేతిమీద బోర్లా, తల కిందికి ఉండేలా పడుకోబెట్టి, రెండు భుజాల మధ్య వీపుపై అరచేతి మడమతో 5 సార్లు చరచాలి. అడ్డు రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము మధ్యలో 5 సార్లు నొక్కాలి. ఏడాది దాటిన పిల్లలకు వీపుపై 5 దెబ్బల తరువాత, వెనుకనుండి పట్టుకొని బొడ్డుకు పైన లోపలికి, పైకి 5 సార్లు నొక్కాలి. అడ్డు బయటపడేవరకు మార్చి మార్చి చేయండి. కంటికి కనబడని వస్తువు కోసం గొంతులో వేలు పెట్టి వెదకవద్దు, అది ఇంకా లోపలికి పోతుంది. స్పృహ తప్పితే నేలమీద పడుకోబెట్టి గుండెపై నొక్కడం మొదలుపెట్టాలి.

క్రీము కేకు, బిర్యానీ, పెరుగన్నం రెండు గంటలకన్నా బయట ఉంచకూడదు. వాటిలో సూక్ష్మక్రిములు వదిలిన కొన్ని విషాలు మళ్ళీ వేడి చేసినా పోవు. మేనమామ రాలేదని కేకు రాత్రి తొమ్మిదిదాకా బల్లపై ఉంచడం మన ఇళ్ళలో మామూలే. అప్పటికి బిడ్డ కూడా నిద్రకు ఆగలేక ఏడుస్తూ ఉంటుంది. సాయంత్రం ఐదింటికే కోయండి. మామయ్యకు ఫ్రిజ్‌లో ఒక ముక్క దాచిపెట్టండి.