ఒక పొలమునకు ఎన్ని లెక్కలు?



గట్టుమీద నిలిచి చూచువానికి పొలము ఒక్కటే. కచేరీలలో చూచినచో ఆ పొలమే పలు రూపములతో కానవచ్చును. తహశీలు కచేరిలో అది సర్వే నంబరు. మన సహకార సంఘములో అప్పు ఖాతా. వ్యవసాయ శాఖలో పంట నమోదు. విద్యుచ్ఛాఖలో బోరుబావి సర్వీసు నంబరు. ధాన్యము కొనుగోలు కేంద్రములో ఒక పేరు, ఒక తూకము. ఇవి యన్నియు ఒకే మాట చెప్పుచున్నంతకాలము రైతునకు చిక్కులేదు. ఒకటి ఔననగా వేరొకటి కాదనినచో, కాగితములు చంకబెట్టుకొని తిరుగవలసినవాడు రైతే. ఈ నెల ఆ సంగతినే విన్నవింపదలచితిమి.

పూర్వము మన తెలంగాణమున ఈ లెక్కలన్నియు పట్వారీ చేతిలో నుండెడివి. సర్వే నంబరు, విస్తీర్ణము, పట్టాదారు పేరు, అనుభవదారు పేరు, వేసిన పంట, నీటి ఆధారము—అన్నియు పహాణీలో ఒకే వరుసన కానవచ్చెడివి. 1954–55 నాటి ఖాస్రా పహాణీని నేటికిని భూమి తగాదాలలో అడుగుచునే యున్నారు. అన్ని సంగతులు ఒకచోట నుండుట మేలే. కాని ఆ పుస్తకము ఒక్కనిచేత నుండుటచే కలపు పోటుతో పొలము చేతులు మారిన సందర్భములును కలవు. 1980వ దశకమున పట్వారీ పద్ధతి రద్దయినది. తరువాత ఏ శాఖకు ఆ శాఖ తన లెక్క తాను వ్రాసికొనసాగెను.

1998లో రిజిస్ట్రేషను కచేరీలకు కంప్యూటర్లు వచ్చినవి. రెవెన్యూ లెక్కలు వేరుగా కంప్యూటరు కెక్కినవి. ఈ రెంటికిని మాటలు లేవు. భూమి కొన్నవాడు దస్తావేజు రిజిస్టరు చేయించుకొని, పేరు మార్పునకు తహశీలులో మరల అర్జీ పెట్టుకొనవలసి వచ్చెడిది. పెట్టనివాని భూమి యేండ్లకొలది అమ్మినవాని పేరనే నిలిచిపోయెడిది. 2020 అక్టోబరు 29న ప్రారంభమైన ధరణి ఈ రెండు పనులను వ్యవసాయ భూములకు తహశీలు కచేరిలోనే కలిపివేసినది. ఇది మేలైన మార్పే యని చెప్పక తప్పదు.

అయితే విత్తనములో కల్తీ యున్నచో నాటిన మళ్లన్నిటను కల్తీయే మొలచును. 2017 సెప్టెంబరు 15 మొదలు డిసెంబరు 31 వరకు జరిగిన భూరికార్డుల శుద్ధీకరణములో దొర్లిన తప్పులు అట్లే ధరణిలోనికి వచ్చినవి. 2018లో మొదలైన రైతుబంధు, రైతుబీమా ఆ లెక్కమీదనే యాధారపడినవి. పూర్వము ఒక పుస్తకములో తప్పున్నచో ఒక పని చెడెడిది; ఇప్పుడు ఆ యొక్క తప్పే సాయమునకును, బీమాకును, అప్పునకును అడ్డుపడినది. పైగా దానిని దిద్దించుకొను మార్గము ఇరుకైనది. 2025 ఏప్రిలు 14న ప్రారంభించిన భూభారతి, తహశీల్దారు ఉత్తరువుపై ఆర్డీవో యొద్దకును, కలెక్టరు యొద్దకును అప్పీలు చేసికొను వీలు కల్పించినది.

2024 నాటి పంట ఋణమాఫీ మనవారికి జ్ఞాపకముండును. రెండు లక్షల రూపాయల వరకు గల అప్పులు, సహకార సంఘముల బాకీలతో సహా, జూలై 18 మొదలు విడతలుగా రద్దయినవి. సుమారు 25 లక్షల మందికి మేలు కలిగినది. అప్పు లెక్క బ్యాంకుది. భూమి లెక్క రెవెన్యూది. కుటుంబము లెక్క రేషను కార్డుది. పేరు ఆధారు కార్డుది. ఈ నాలుగును కలిసినవారికి సొమ్ము జమయైనది. పేరులో ఒక అక్షరము తేడా వచ్చినవారు, రేషను కార్డు లేనివారు ఆగిపోయిరి. అధికారులు ఇంటింటికి తిరిగి కుటుంబ వివరములు వ్రాసికొనవలసి వచ్చెను. అర్హత లేక కాదు, కాగితములు కలియక వారు వేచియుండిరి.

పీర్జాదిగూడ వంటి పట్నపు అంచు గ్రామములలో ఈ చిక్కు మరింత దట్టము. మూసీ యొడ్డున పశుగ్రాసము, ఆకుకూరలు పండిన నేలలో ఎంతో భాగము ప్లాట్లయినది. 2016లో మేడిపల్లి మండలము, మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా క్రొత్తగా ఏర్పడినవి. 2019లో పీర్జాదిగూడ నగరపాలక సంస్థ యయ్యెను. 2025 చివర దానిని హైదరాబాదు మహానగర పాలక సంస్థలో కలిపిరి. కచేరి మారినప్పుడెల్ల పుస్తకములు చేతులు మారినవి. పురపాలక లెక్కలో ఇల్లైనది రెవెన్యూ లెక్కలో చేనుగానే యుండుట యిట్టి చోట్లనే. 2025 జనవరిలో రైతుభరోసాకు ముందు, సాగుకు పనికిరాని భూములను తొలగించుటకు అధికారులు క్షేత్రములకు పోయి చూడవలసి వచ్చినది. ఇంటిపన్ను లెక్కయు భూమి లెక్కయు మాటలాడుకొని యున్నచో ఆ శ్రమ చాలవరకు తప్పెడిది.

నీటి సంగతియు నిట్టిదే. మురుగునీటిని శుద్ధిచేయునది జలమండలి. పరీక్షించునది కాలుష్య నియంత్రణ మండలి. ఆ నీటితో పండు పంటను వ్రాసికొనునది వ్యవసాయ శాఖ. ఆ పరీక్ష ఫలితము, నీటిలో కాలు పెట్టి పనిచేయు రైతునకు చేరవలదా?

దీనికి మందు ఏమి? అన్ని లెక్కలను ఒక పెద్ద గ్రంథములో కుమ్మరించుట కాదు. ఒక్కొక్క విషయమునకు ఒక్కడే లెక్కదారుండవలెను. తక్కినవారు నకలు వ్రాసికొనక, అవసరమైనపుడు ఆ లెక్కనే అడిగి చూడవలెను. భూమి రెవెన్యూది, పంట వ్యవసాయ శాఖది, అప్పు సంఘముది. అసలు దిద్దినచో అందరియొద్దను దిద్దినట్లే. ఐరోపాలోని ఎస్తోనియా దేశము 2001 నుండి ఈ పద్ధతి నవలంబించుచున్నది. అచ్చట తన వివరములను ఏ కచేరి చూచినదో పౌరుడు తానే చూచుకొనవచ్చును. ఇది ముఖ్యమైన కట్టడి. లెక్కలు పంచుకొనుట యనగా రైతు ఆధారు నంబరును, బ్యాంకు ఖాతాను గోడకు అంటించుట కాదు. ఇట్టి వివరముల రక్షణకై మన దేశమునను 2023లో చట్టము చేసిరి.

వ్రాయు పద్ధతియు ఒకటి కావలెను. ఒకచో 2–10 అని వ్రాసినచో రెండెకరముల పది గుంటలు. దానినే వేరొక కచేరి 2.10 ఎకరములని దశాంశముగా గ్రహించినచో, ఎకరమునకు 40 గుంటలు గనుక, రెండెకరముల నాలుగు గుంటలే యగును. ఎవరును దోచుకొనకయే ఆరు గుంటలు లెక్కలో మాయమగును!

ప్రభుత్వము చేయవలసినది ప్రభుత్వము చేయునుగాక. మన చేతిలోని పని కొంత కలదు. పాసుపుస్తకము, ఆధారు, బ్యాంకు పుస్తకము, సంఘపు అప్పు పుస్తకము, రేషను కార్డు—ఈ యైదింటిని ఒక చాపమీద పరచి, పేరు, తండ్రి లేక భర్త పేరు, సర్వే నంబరు, విస్తీర్ణము, ఫోను నంబరు సరిచూచుకొనుడు. చదువురానివారు బడికిపోవు బిడ్డలచే చదివించుకొనుడు. తేడా కనబడినచో అసలు లెక్కదారు కచేరిలోనే అర్జీ యిచ్చి, రసీదు తీసికొని, తేదీ వ్రాసి దాచుకొనుడు. రైతుబీమాలో వ్రాయించిన నామినీ కాలము చేసినచో వెంటనే పేరు మార్పించుడు. ఆ పని ఆలస్యమైనచో కష్టము వచ్చునది మీ కాలుబిడ్డలకే.

సంఘ కార్యదర్శులకును మా మనవి యొకటి. ప్రతి సంఘములో సవరణల పుస్తకము ఒకటి తెరువవలెను. సభ్యుడు తెలిపిన మార్పు, దానికి ఆధారము, ఏ కచేరికి ఎప్పుడు తెలుపబడినది, జవాబు వచ్చినదా లేదా యని అందు వ్రాసి, తీరని వాటిని నెలనెల పాలకవర్గ సమావేశమున చదువవలెను. ఒంటరి రైతు అర్జీ బల్లమీద మూలుగవచ్చును. నలువది మంది సభ్యుల తేడాలు ఒక్క జాబితాగా పోయినచో దానిని ప్రక్కకు నెట్టుట కష్టము. సహకారమనగా అప్పు పుచ్చుకొనుటయే కాదు గదా!

వానకాలపు అప్పుల పని మొదలుకాకముందే ఈ సరిచూపు ముగించుకొనుడని సభ్యులందరిని కోరుచున్నాము.