‘విత్’ - ‘తో’: అర్థపరిణామం, అనువాద సమస్య

ప్రవేశిక

ఆంగ్లంలో నామవాచకానికి ముందు నిలిచి, వాక్యంలోని ఇతర పదాలతో దానికి గల సంబంధాన్ని తెలిపే పదాలు ప్రిపోజిషన్లు. తెలుగులో ఈ పనిని నామం తరువాత చేరే విభక్తి ప్రత్యయాలు చేస్తాయి. ‘విత్’ అనగానే ‘తో’ అని అర్థం చెప్పడం తరగతి గదిలో పరిపాటి. ఈ సమీకరణం ఎంతవరకు చెల్లుతుందో తెలియాలంటే రెండింటి పుట్టుకను పరిశీలించాలి.

చారిత్రక పరిణామం

ప్రాచీన ఆంగ్లంలో ‘విత్’ పదానికి ‘ఎదురుగా’, ‘వ్యతిరేకంగా’ అన్నవి ప్రధానార్థాలు. సహార్థాన్ని ‘మిడ్’ అనే వేరొక పదం తెలిపేది. జర్మన్‌లో దీని సజాతీయ పదమైన ‘మిట్’ నేటికీ ఆ అర్థంలోనే ఉంది. మధ్యాంగ్ల కాలంలో ‘విత్’ సహార్థాన్నీ, సాధనార్థాన్నీ గ్రహించగా ‘మిడ్’ వాడుక నుండి తొలగిపోయింది. మంత్రసానిని తెలిపే ‘మిడ్‌వైఫ్’లో మాత్రం దాని జాడ మిగిలింది, ‘తోడుగా ఉండే స్త్రీ’ అని ఆ పదానికి వ్యుత్పత్తి. ఎదిరించి నిలవడాన్ని తెలిపే ‘విత్‌స్టాండ్’లో ‘విత్’ పాత అర్థం నిలిచి ఉంది. బ్యాంకు వ్యవహారాల వల్ల తెలుగువారి నోట నిత్యం వినిపించే ‘విత్‌డ్రా’లోనూ అది ‘వెనక్కి’, ‘దూరంగా’ అనే అర్థాన్నే ఇస్తుంది.

తెలుగు ‘తో’

తృతీయా విభక్తి ప్రత్యయాలైన ‘తోడన్’, ‘తోన్’లకు మూలం సాంగత్యాన్ని తెలిపే ‘తోడు’ శబ్దం. ఒకటి విరోధం నుండి, మరొకటి సాంగత్యం నుండి బయలుదేరి ఒకే చోటికి చేరాయి. ‘మిత్రునితో వెళ్ళాడు’, ‘కత్తితో కోశాడు’ అనే రెండు ప్రయోగాలకూ ‘విత్’ సరిపోతుంది.

అన్నిచోట్లా ఈ పొత్తు కుదరదు. ‘నా మీద కోపం’, ‘నా దగ్గర డబ్బు లేదు’, ‘పొడవాటి జుట్టు గల మనిషి’ అనే భావాలకు ఆంగ్లం ‘విత్’ను వాడగలదు, తెలుగుకు ‘మీద’, ‘దగ్గర’, ‘గల’ కావాలి. ‘నాతో చెప్పాడు’ అన్నప్పుడు తెలుగుకు ‘తో’ సహజం. ఆంగ్లంలో ‘టోల్డ్’ తరువాత ప్రిపోజిషన్ లేకుండా ‘మీ’ వస్తుంది. ‘టోల్డ్ విత్ మీ’ అనే దోషానికి మూలం ఇదే.

పోరాటాన్ని తెలిపే క్రియ పక్కన సమస్య మరింత జటిలం. అక్కడ ‘విత్’ ఎదిరించడాన్నీ తెలపవచ్చు, పక్షాన నిలవడాన్నీ తెలపవచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో లక్షలాది భారత సైనికులు బ్రిటన్ పక్షాన పోరాడారు. ఆ సంగతిని ‘విత్’ వాడి చెప్పిన వాక్యాన్ని ‘బ్రిటన్‌తో పోరాడారు’ అని తెలిగిస్తే చరిత్ర తలకిందులవుతుంది.

ముగింపు

కాబట్టి నిఘంటువులు, పాఠ్యపుస్తకాలు ‘విత్’కు ఒక్క ప్రత్యయాన్ని సూచించి ఊరుకోకుండా, క్రియను బట్టి మారే సమానార్థకాలను ఉదాహరణలతో చూపాలి. అనువాదకుడు ప్రత్యయాన్ని ఎంచుకునే ముందు ఎవరు ఎవరి పక్షమో తేల్చుకోవాలి.