పొలం పనిలో మూత్రపిండాలకు పొంచి ఉన్న ముప్పు: ఆకస్మిక, దీర్ఘకాలిక వైఫల్యాల లక్షణాలు

మన రెండు మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడపోసి, అందులో అధిక భాగాన్ని తిరిగి రక్తంలోకి పంపుతాయి. లీటరున్నర మేర మాత్రమే మూత్రంగా వెలువడుతుంది. ఈ వడపోత కొన్ని గంటల్లో లేదా రోజుల్లో దెబ్బతింటే ఆకస్మిక వైఫల్యమనీ, నెలలు, సంవత్సరాల తరబడి క్షీణిస్తూ చివరకు ఆగిపోయే దశకు చేరితే దీర్ఘకాలిక వైఫల్యమనీ అంటారు. రెండింటికీ దారితీసే కారణాలలో కొన్ని పొలంలోనే ఉన్నందున విస్తరణ శాస్త్రవేత్తలకు వీటిపై అవగాహన అవసరం.

ఆకస్మిక వైఫల్యం

వడదెబ్బ, తీవ్రమైన వాంతులు, విరేచనాల వల్ల శరీరంలో నీరు తగ్గడం, రక్తపింజరి కాటు, ఎలుకల మూత్రంతో కలుషితమైన పొలం నీటి ద్వారా సోకే లెప్టోస్పైరోసిస్ దీనికి ముఖ్య కారణాలు. మూత్రం బాగా తగ్గడం, ముదురు రంగులో రావడం, ముఖం, పాదాల వాపు, ఆయాసం, వాంతులు, మగత దీని లక్షణాలు. కొందరిలో మూత్రం తగ్గకపోవచ్చు కూడా. సకాలంలో చికిత్స అందితే చాలామందిలో మూత్రపిండాలు కోలుకుంటాయి.

పారాక్వాట్ కలుపు మందు విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం. దీనికి విరుగుడు లేదు. మందు లోపలికి వెళ్లిన వ్యక్తి తొలి గంటల్లో మామూలుగా కనిపించినా, కొద్ది రోజుల్లోనే మూత్రపిండాలు, ఆపై ఊపిరితిత్తులు దెబ్బతినవచ్చు. కనుక లక్షణాల కోసం వేచి చూడక, మందు డబ్బాతో సహా వెంటనే ఆసుపత్రికి తరలించాలి.

దీర్ఘకాలిక వైఫల్యం

వడపోత వేగం నిమిషానికి 60 మిల్లీలీటర్ల లోపు మూడు నెలలకు మించి కొనసాగితే దీర్ఘకాలిక వ్యాధిగా, 15 లోపునకు పడిపోతే వైఫల్యంగా పరిగణిస్తారు. మధుమేహం, అధిక రక్తపోటు దీనికి ప్రధాన కారణాలు. తొలిదశలో బాధ ఏదీ ఉండదు. రాత్రివేళ తరచూ మూత్రానికి లేవడం, నురగతో కూడిన మూత్రం, నీరసం, ఆకలి మందగించడం, రక్తహీనత, దురద, వాపు క్రమంగా బయటపడతాయి. అప్పటికే నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది; అది తిరిగి పూడదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఇందుకు మన కళ్లెదుటి ఉదాహరణ. కొబ్బరి, జీడిమామిడి తోటల ఈ ప్రాంతంలో మధుమేహం, రక్తపోటు లేనివారిలో సైతం ఈ వ్యాధి కనిపిస్తోంది. తాగునీరు, పురుగు మందులు, ఎండలో శ్రమ మొదలైనవాటిపై పరిశోధనలు జరిగినా, ఏకైక కారణమంటూ ఇంకా నిర్ధారణ కాలేదు. శ్రీలంక వరి సాగు ప్రాంతాల్లోనూ, మధ్య అమెరికా చెరకు కూలీల్లోనూ ఇలాంటి వ్యాధే ఉంది.

విస్తరణ సిబ్బంది చేయదగినవి

• రైతు సదస్సుల్లో నీరు, నీడ, విశ్రాంతి ఆవశ్యకతను వివరించాలి. ఇప్పటికే వ్యాధి ఉన్నవారు మాత్రం నీటి పరిమాణాన్ని వైద్యుని సలహా మేరకే పాటించాలి.
• ఒళ్లు నొప్పులకు వైద్యుని సలహా లేకుండా డైక్లోఫెనాక్ వంటి మాత్రలు వాడే అలవాటును మాన్పించాలి. శరీరంలో నీరు తగ్గినప్పుడు ఇవి మూత్రపిండాలకు రక్తప్రసరణను మరింత తగ్గిస్తాయి.
• మందులు పిచికారీ చేసేటప్పుడు చేతి తొడుగులు, ముఖకవచం తప్పనిసరి. కలుపు మందులను నీళ్ల సీసాల్లో నిల్వ చేయరాదు.
• వ్యాధి ఉన్న ప్రాంతాల్లోని కూలీలు, మధుమేహం, రక్తపోటు ఉన్నవారు ఏటా రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించుకునేలా ప్రోత్సహించాలి.

ఆకులు పసుపుబారేసరికే వేరుకుళ్లు లోలోపల ముదిరి ఉంటుందని రైతుకు తెలుసు. మూత్రపిండాల వ్యాధీ అటువంటిదేనని ఆ అనుభవంతోనే చెబితే, పరీక్ష అవసరం అతనికి సులభంగా బోధపడుతుంది.