ఆకలి దొంగతనం: ఆజ్ఞ ఎవరికి?

2009 డిసెంబరు 20, క్రిస్మస్‌కు ముందటి ఆదివారం. ఇంగ్లండులోని యార్క్ నగరంలో టిమ్ జోన్స్ అనే ఆంగ్లికన్ గురువు ప్రసంగ వేదిక మీద నుండి అన్న మాట దేశమంతా దుమారం రేపింది. జైలు నుండి విడుదలై, ప్రభుత్వ సహాయం సమయానికి అందక, ఏ దారీ తోచని పేదవాడు మరింత ఘోరమైన పనులకు దిగడం కంటె పెద్ద సూపర్ మార్కెట్‌లో అవసరమైనంత మట్టుకు దొంగిలించడమే నయమని ఆయన అన్నారు. చిన్న దుకాణాల జోలికి పోవద్దనీ చెప్పారు. పోలీసులు ఖండించారు. దొంగతనం చేయమని సంఘం ఎవరికీ సలహా ఇవ్వదని యార్క్ ఆర్చ్‌డీకన్ ప్రకటించారు.

ఈ చర్చ పాతదే. ప్రాణం మీదికి వచ్చినప్పుడు తీసుకొన్నది దొంగతనం కాదని 13వ శతాబ్దంలోనే థామస్ అక్వినాస్ బోధించాడు. 2016లో ఇటలీ సర్వోన్నత న్యాయస్థానం తీర్పు కూడా ఇంచుమించు అదే. జెనోవాలో ఇల్లూ వాకిలీ లేని ఒకడు జున్ను, సాసేజీలు జేబులో వేసుకొన్నాడు. వాటి వెల 4 యూరోలు. క్రింది కోర్టు 6 నెలల శిక్ష వేస్తే, ఆకలికి తాళలేక కొద్దిపాటి తిండి తీసుకోవడం నేరం కాదని పై కోర్టు కొట్టివేసింది.

వాక్యం మాత్రం రెండు వైపులా చూస్తుంది. ఆకలికి దొంగిలించినవాణ్ణి ఎవరూ నీచంగా చూడరంటూనే, పట్టుబడితే ఏడంతలు చెల్లించాలని కూడా సామెతలు 6:30-31 చెబుతుంది. జాలి ఉంది గాని మినహాయింపు లేదు. అందుచేత జోన్స్ గారి సలహాను మేము సమర్థించలేము. పెద్ద కంపెనీకి వచ్చిన నష్టం చివరకు ధరల్లో కలిసి అందరి మీదా పడుతుందని ఆయనే ఒప్పుకొన్నారు. అది ఎక్కువగా కుంగదీసేది రూపాయి రూపాయీ లెక్కచూసుకొనే ఇంటినే. (సరదాకో అలవాటుకో కాజేసేవారి సంగతి వేరు.)

అయితే ఆయనను తిట్టినవారిలో లేవీయకాండము 19:9-10 తెరిచినవారు ఎందరో! అక్కడి ఆజ్ఞ ఆకలిగొన్నవానికి కాదు, పొలం గలవానికి. ఓరలు కోయకుండా వదలాలి, పరిగె ఏరుకోకూడదు. అవి బీదలవి, పరదేశులవి. రూతు బోయజు పొలంలో పరిగె ఏరుకొన్నది పట్టపగలు, పనివాళ్ల కళ్లెదుటే. ఓరల దాకా మనమే కోసేసుకొన్నాక, ఏరుకోవడానికి వచ్చినవాడు దొంగలా కనబడడంలో వింతేముంది?

కోత పండుగకు వచ్చిన బియ్యం, గుమ్మడికాయలు వేలం వేసి సంఘ నిధికి జమ చేయడం మన వాడుక. అందులో ఒక వంతైనా వేలానికి ముందే బీదల ఇళ్లకు చేరే ఏర్పాటు తమ సంఘంలో ఉందో లేదో పెద్దలు ఈ ఏడు చూడాలి.