చదివిన మంచి మాట జారిపోకుండా...

మంచి పట్టుచీర కొంటే మడతపెట్టి బీరువాలో దాచుకుంటాం. కొత్తావకాయ పెడితే జాడీకి వాసెన కట్టి జాగ్రత్త చేస్తాం. మరి మంచి మాట ఒకటి చదివితే? "అబ్బ, ఎంత బాగా రాశారో!" అనుకుంటాం, వేలితో పైకి తోసేస్తాం. మర్నాడు ఎవరికైనా చెబుదామని వెతికితే అది ఎక్కడ చదివామో గుర్తు రాదు. ఎవరు రాశారో అసలే గుర్తుండదు!

మన అమ్మలు, అత్తలు ఈ విషయంలో మనకంటే గడుసువాళ్ళు. వారపత్రికలో సీరియల్ పూర్తవగానే పేజీలన్నీ విప్పి, వరసగా పేర్చి, దబ్బనంతో కుట్టి, అట్ట వేసి పుస్తకం చేసుకునేవారు. వంటల పేజీలు ఒక కట్ట, ముగ్గులు ఒక కట్ట, చిట్కాలు ఒక కట్ట. ఆ కట్టలు ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో ట్రంకు పెట్టెల అడుగున వున్నాయి. ఇప్పుడు పత్రికల సంగతి ఎలా వున్నా, ఇంటర్నెట్ నిండా చదువుకునే సరుకే. కత్తిరించి దాచుకునే అలవాటు మాత్రం పోయింది. దాన్ని మళ్ళీ తెచ్చుకుంటే ఎలా వుంటుందంటారు?

పోగుచేయడం మనకు కొత్త కాదు

భండారు అచ్చమాంబ గారి పేరు విన్నారా? 1874లో పుట్టారు. బడికి వెళ్ళి చదువుకోలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు గారు చదువుకుంటుంటే ఆయనతోపాటే ఇంట్లో నేర్చుకున్నారు. మరాఠీ, హిందీ కూడా పట్టుబట్టి నేర్చారు. ఆ భాషల్లో దొరికినవన్నీ చదివి, మన దేశపు స్త్రీల జీవితకథలు ఒక్కొక్కటే పోగుచేసి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' అనే పుస్తకం తెచ్చారు. ఆమె రాసిన 'ధనత్రయోదశి' కథ 1902లో 'హిందూసుందరి' అనే స్త్రీల పత్రికలో వచ్చింది. 1905లో, ముప్ఫై ఏళ్ళు దాటీ దాటకముందే ఆమె కన్నుమూశారు. కరెంటు దీపం కూడా లేని రోజుల్లో ఒక ఇల్లాలు అంత పని చేయగలిగితే, అరచేతిలో గ్రంథాలయం పెట్టుకున్న మనం నాలుగు మంచి వ్యాసాలు దాచుకోలేమా?

ఎక్కడ దొరుకుతుంది మంచి సరుకు?

ఫోన్ తనంతట తాను చూపించేదే చదివితే, బండివాడు ఇచ్చిన కూరగాయలే తెచ్చుకున్నట్టు. మనమే రైతుబజారుకు వెళ్ళి ఏరుకోవాలి.

'ఈమాట' అని ఒక పత్రిక వుంది. అమెరికాలోని తెలుగువాళ్ళు 1998లో మొదలుపెట్టారు. కాగితం మీద రాదు, ఇంటర్నెట్‌లోనే వస్తుంది. కథలు, కవితలు, సంగీతం మీద వ్యాసాలు, పాత సంచికలతో సహా డబ్బు కట్టకుండా చదువుకోవచ్చు. తెలుగు వికీపీడియా 2003లో మొదలైంది. మీ ఊరి గురించో, మీకు నచ్చిన రచయిత్రి గురించో అందులో వుందేమో చూడండి. దానికి తోబుట్టువు లాంటిది వికీసోర్స్. కాపీహక్కు తీరిన పాత పుస్తకాలను ఔత్సాహికులు ఓపికగా టైపుచేసి అందులో పెడుతుంటారు. మన దేశంలో రచయిత పోయిన తర్వాత అరవై ఏళ్ళకు ఆ హక్కు తీరిపోతుంది. తెలియని మాట తగిలితే 'ఆంధ్రభారతి'లో వెతకండి. పాత నిఘంటువులు చాలా ఒకేచోట అర్థం చెబుతాయి. ఇక ఇంటర్నెట్ ఆర్కైవ్ అయితే మహాసముద్రం. 1996లో అమెరికాలో మొదలైన ఈ గ్రంథాలయంలో స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు వేలల్లో వున్నాయి.

దాచే ముందు జల్లెడ పట్టండి

బియ్యంలో రాళ్ళు ఏరకుండా ఎసట్లో పోయం కదా! చదివినదానికీ అంతే. ముఖ్యంగా ఆరోగ్యం సంగతుల్లో.

"పుట్టిన బిడ్డకు తేనె నాకిస్తే మాటలు తియ్యగా వస్తాయి" అని ఒక సందేశం వచ్చిందనుకోండి. పెద్దవాళ్ళు చేసిందే కదా అని దాచుకుంటాం, కోడలికి పంపిస్తాం. కానీ ఏడాది నిండని పిల్లలకు తేనె అసలు పెట్టకూడదని పిల్లల డాక్టర్లు గట్టిగా చెబుతారు. తేనెలో వుండగల ఒక రకం సూక్ష్మజీవి పసివాళ్ళ పేగుల్లో పెరిగి విషం పుట్టిస్తుంది. కండరాలు పట్టు తప్పుతాయి. ప్రాణం మీదికి కూడా రావచ్చు. అలాగే చెయ్యి కాలితే టూత్‌పేస్టు రాయమనే చిట్కా. చేయవలసింది అది కాదు. కుళాయి కింద చల్లటి నీటి ధారలో ఇరవై నిమిషాలు వుంచాలి. ఐసు పెట్టకూడదు. గాయం పెద్దదైతే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

అందుకే ఏదైనా దాచే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. రాసింది ఎవరు? ఎప్పుడు రాశారు? ఆ విషయం తెలిసినవాళ్ళు ఇంకెవరైనా ఇదే మాట చెప్పారా? వాట్సాప్‌లో సందేశం మీద రెండు బాణం గుర్తులు కనిపిస్తే అది చాలామంది చేతులు మారి వచ్చిందని అర్థం. చేతులు మారినంత మాత్రాన నిజమైపోదు. కేంద్ర ప్రభుత్వ పథకాల మీద వచ్చే పుకార్లను సరిచూసి చెప్పడానికి 2019 నుంచి పి.ఐ.బి. ఫ్యాక్ట్ చెక్ అనే విభాగం పనిచేస్తోంది. "ఫలానా పథకంలో డబ్బు పడుతుంది, ఈ లింకు నొక్కండి" అంటే ముందు అక్కడ చూడండి. లింకు మాత్రం నొక్కకండి.

దాచుకునే పద్ధతి

అందరూ చేసేది స్క్రీన్‌షాట్. పెళ్ళి ఫోటోల మధ్య, గ్యాస్ రసీదుల మధ్య అది కలిసిపోతుంది. పైగా అందులో సగం ముక్కే వుంటుంది, రాసినవారి పేరు వుండదు. దానికన్నా మేలైనవి ఇవి:

• వాట్సాప్‌లో మీకు మీరే సందేశం పంపుకునే వీలుంది. వ్యాసం లింకు అక్కడ వేసుకోండి. కింద ఒక్క వాక్యం రాయండి, ఎందుకు నచ్చిందో. ఆర్నెల్ల తర్వాత వెతుక్కునేటప్పుడు మీకు దారి చూపేది ఆ వాక్యమే.

• బాగా ముఖ్యమైనదైతే లింకు ఒక్కటే చాలదు. ఫోన్‌లో ఆ పేజీ తెరిచి ప్రింట్ అనే చోట నొక్కితే, కాగితానికి బదులు పి.డి.ఎఫ్.గా దాచుకోమంటుంది. అప్పుడు నెట్ లేకపోయినా చదువుకోవచ్చు.

• సంచులు వేరు చేసుకోండి. వంట, ఆరోగ్యం, పిల్లల చదువు, డబ్బు-చట్టం. ఐదోది తప్పకుండా వుండాలి. దాని పేరు 'నాకోసం'.

• ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. వ్యాసం పేరు, రాసినవారు, ఎక్కడ వచ్చింది, మీరు చదివిన తేదీ. నాలుగు గళ్ళు చాలు.

నోటుపుస్తకం ఎందుకంటారా? ఇంటర్నెట్‌లో వున్నది ఎప్పటికీ వుంటుందనుకోవడం భ్రమ. జియోసిటీస్ అనే చోట లక్షలమంది సొంత పేజీలు పెట్టుకున్నారు. 2009లో అమెరికాలో దాన్ని మూసేశారు. తర్వాత చదువుకుందామని వ్యాసాలు దాచుకునే 'పాకెట్' అనే సదుపాయం ఎంతో పేరు తెచ్చుకుంది. దాన్ని 2025 జూలైలో ఆపేశారు. మంచి పేజీ ఏదైనా మాయమైందనిపిస్తే, దాని చిరునామా ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో వేసి చూడండి. ఒక్కోసారి పాత నకలు దొరుకుతుంది. అన్నిసార్లూ దొరకదు. అందుకే రెండుచోట్ల దాచడం మంచిది.

ఇంకొక మాట. నచ్చిన వ్యాసం నలుగురికీ పంపేటప్పుడు రాసినవారి పేరు తీసేయకండి. మన చేతి గారెలు పక్కింటావిడ తనవని చెప్పుకుంటే మనకెలా వుంటుంది?

'నాకోసం' అనే సంచి

ఇంట్లో అందరి కాగితాలూ మన దగ్గరే భద్రం. పిల్లల మార్కుల జాబితాలు, ఆయన ఇన్సూరెన్సు పత్రాలు, అత్తగారి మందుల చీటీలు. మనది అంటూ ఏముంది అందులో? ఫోన్‌లో దాచుకున్నది కూడా వంటలూ పిల్లల సంగతులే అయితే, మనం మనిషిగా ఏం ఆలోచిస్తున్నామో ఎవరికి తెలుస్తుంది? ఎవరిదాకానో ఎందుకు, మనకే తెలుస్తుందా? ఐదో సంచి అందుకే. నక్షత్రాల గురించి కావచ్చు, ఆస్తిహక్కు గురించి కావచ్చు, ఎక్కడో దూరదేశపు ఆడదాని ఆత్మకథ కావచ్చు. "ఇది నీకెందుకు?" అని ఎవరైనా అడిగితే "నాకు నచ్చింది" అని చెప్పండి. అంతకు మించి సంజాయిషీ అక్కర్లేదు.

వారానికి ఒక్కటి చాలు. ఏడాదికి యాభై రెండవుతాయి. శనివారం మధ్యాహ్నం నలుగురు స్నేహితురాళ్ళు కూచుని, ఆ వారం ఎవరేం దాచారో చదివి వినిపించుకుంటే ఇంకా బాగుంటుంది. ఒకరికి నచ్చింది ఇంకొకరికి నచ్చకపోవచ్చు. వాదించుకోండి. టీవీ సీరియల్‌లో ఎవరు ఎవరికి విషం పెట్టారనే చర్చ కంటే ఇది రుచిగానే వుంటుంది.

ఈ వారం మొదటిది ఏది దాస్తున్నారు మరి?