ఒత్తు చెదరని పటం

కొత్తచెరువు. 2022లో అనంతపురం జిల్లా విడిపోయాక శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లిన ఊరు. ఆ పేరులో ‘త’ కింద వేలాడే ఒత్తే నేను పటం అచ్చుకు పెట్టే పరీక్ష. కంప్యూటర్‌లో ఎంత ముచ్చటగా ఉన్నా, కాగితం మీద ఆ ఒత్తు నల్లటి చుక్కయిపోతే ఆ పటం పనికిరాదు.

అనంతపురం మెట్టలో పటం అచ్చు చదవడానికి వీలుగా ఉండడం అందం సంగతి కాదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోయే వానను చేలోనే నిలబెట్టుకోవాలి. 1994లో వాటర్‌షెడ్ పనులపై హనుమంతరావు కమిటీ చూపిన దారిలో, సుమారు 500 హెక్టార్లను ఒక వాటర్‌షెడ్‌గా తీసుకుని గట్టు మీద కందకాలు, కింద వంకకు చెక్‌డ్యాములు, ఊటకుంటలు వేస్తూ వచ్చారు. ఏ కట్ట ఎవరి సెనక్కాయ చేను పక్కన పడుతుందో రచ్చకట్ట దగ్గర పదిమందీ వేలుపెట్టి చూసి తేల్చుకోవాలి. అందుకు గోడకు వేలాడే పటమే కావాలి.

1802లో సర్వేయరు లాంబ్టన్ మద్రాసులో గొలుసు పరిచి నేల కొలత మొదలుపెట్టిన నాటి నుంచి పటం కాగితం కోసమే పుట్టింది. అనంతపురాన్ని చూపే 57ఎఫ్ టోపోషీట్లలో సెంటీమీటరుకు అర కిలోమీటరు. గీత సన్నదనం గీసినవాడి చేతిలోనే ఉండేది. డిజిటల్ పటం వచ్చాక అది మొదట తెర కోసం పుట్టి, తర్వాత కాగితానికి వెళ్లాల్సి వచ్చింది. చిక్కంతా అక్కడే.

నేను అచ్చు వేయించిన మొదటి పటం స్క్రీన్‌షాట్‌ను సాగదీసిన ఫ్లెక్సీ. వంక గీత మెట్లుమెట్లుగా విరిగింది. ఆ తర్వాత అంగుళానికి 300 చుక్కలు పెట్టాను. ఈసారి గీతలు నునుపే, ఊరి పేర్లు మాత్రం చీమల్లా అయ్యాయి. తెరకు అంగుళానికి 96 పిక్సెళ్ల లెక్కన తయారైన 12 పిక్సెళ్ల అక్షరం మూడు మిల్లీమీటర్లకు పైనే ఉంటుంది. 300కు పోతే అవే 12 పిక్సెళ్లు ఒక మిల్లీమీటరులో సర్దుకుంటాయి. ఒత్తుకు చోటేదీ?

ఏ1 కాగితాన్ని 300 చుక్కలతో నింపాలంటే 7016 అడ్డం, 9933 నిలువు: దాదాపు 7 కోట్ల చుక్కలు, అంటే 34 మామూలు ల్యాప్‌టాప్ తెరలంత. కానీ అన్నింటినీ ముందే చుక్కలుగా మార్చనక్కర్లేదు. క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో కాగితం కొలతనూ స్కేలునూ ముందు పెట్టుకుని, అక్షరాన్ని మిల్లీమీటర్లలో చెప్పి, పీడీఎఫ్‌గా తీస్తే గీత గీతగానే వెళ్తుంది. అక్షరాలను ఆకృతులుగా మార్చి పంపడం మన లిపికి మేలు. అవతలి యంత్రంలో తెలుగు ఫాంటు లేకపోయినా ఒత్తు దాని చోటు వదలదు.

ఉపగ్రహ చిత్రానికి మాత్రం ఈ వెసులుబాటు లేదు. 2005లో ఎగిరిన కార్టోశాట్-1 నేలను 2.5 మీటర్ల గడులుగా చూసింది. 1:5,000 స్కేలులో ఒక్కో గడి కాగితం మీద అర మిల్లీమీటరు. చుక్కలు ఎన్ని పెంచినా అది చూడని రాతికట్టను అచ్చు చూపలేదు. దానికి చేలోకి నడిచి, కొలిచి, గీత గీసుకోవాల్సిందే.

ఇప్పుడు ముందు అరచేయంత ముక్కనే అచ్చు వేయిస్తాను. రచ్చకట్ట గోడకు ఆనించి, రెండడుగులు వెనక్కి జరిగి, కొత్తచెరువు పేరు చదువుతాను. ఒత్తు తెలిస్తేనే మొత్తం కాగితానికి డబ్బు కడతాను.