అంటారియోలో పిల్లల బడి: క్యాథలిక్కా, పబ్లిక్కా?

కెనడా వచ్చి మిసిసాగాలోనో, బ్రాంప్టన్‌లోనో, మిల్టన్‌లోనో కాపురం పెట్టిన తెలుగువాళ్లకు పిల్లల్ని బడిలో వేసే వేళకి ఒక చిక్కు వస్తుంది. ఇంటి దగ్గర్లో రెండు బడులు ఉంటాయి. ఒకటి పబ్లిక్ బడి, రెండోది క్యాథలిక్ బడి. ఈ రెండోదాని పేరు చాలాసార్లు ‘సెయింట్’తో మొదలవుతుంది. రెంటికీ పసుపు బస్సులే, రెంటిలోనూ నాలుగేళ్ల వయసుకే జూనియర్ కిండర్‌గార్టెన్. అప్పుడు మన ఊరి కాన్వెంటు గుర్తొస్తుంది. సిస్టర్ల క్రమశిక్షణ, చక్కటి ఇంగ్లిషు, ఫీజు కట్టగలిగినవాళ్ల పిల్లలు. ఆ జ్ఞాపకాన్ని నమ్ముకుని ఇక్కడ బడి ఎంచుకోవద్దని నా మనవి. అంటారియోలో ఈ రెండు బడుల మధ్య అసలు తేడా డబ్బులో లేదు, చదువులోనూ పెద్దగా లేదు. మతంలో ఉంది.

అపోహ: క్యాథలిక్ బడి అంటే ప్రైవేటు, ఫీజులు కట్టాలి.

వాస్తవం: పైసా ఫీజు లేదు. అంటారియోలో ప్రభుత్వ నిధులతో నడిచే స్కూల్ బోర్డులు 72. వాటిలో ఇంగ్లిష్ పబ్లిక్ 31, ఇంగ్లిష్ క్యాథలిక్ 29, ఫ్రెంచ్ క్యాథలిక్ 8, ఫ్రెంచ్ పబ్లిక్ 4. క్యాథలిక్ బడులకు ఈ హక్కు 1867 రాజ్యాంగ చట్టంలోని 93వ సెక్షన్ నుంచి వచ్చింది. ఆనాడు అంటారియోలో ప్రొటెస్టెంట్లది పైచేయి, క్యుబెక్‌లో క్యాథలిక్కులది. రెండుచోట్లా అల్పసంఖ్యాకుల బడులకు రక్షణ ఉండాలన్న ఒప్పందం మీదే సమాఖ్య నిలబడింది. అయితే అంటారియోలో ప్రభుత్వ నిధులు చాలాకాలం పదో తరగతి వరకే అందేవి, పై తరగతులకు తల్లిదండ్రులు ఫీజు కట్టుకునేవారు. 1984లో ప్రీమియర్ బిల్ డేవిస్ హైస్కూలు చివరి వరకూ నిధులు ఇస్తామని ప్రకటించారు. 1986లో చట్టం వచ్చింది, 1987లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ పాత ఫీజుల మాట ఇంకా కొందరి నోట వినిపిస్తూనే ఉంది. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో ఉన్న బంధువులు చెప్పే లెక్కలు కూడా ఇక్కడ పనికిరావు. అమెరికాలో క్యాథలిక్ బడి ప్రైవేటు బడే.

హిందూ, ముస్లిం, సిక్కు బడులకూ, క్యాథలిక్‌లు కాని క్రైస్తవుల బడులకూ మాత్రం అంటారియోలో ఈ సాయం లేదు. ఇవ్వాల్సిన అవసరం లేదని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. ఒక్క మతశాఖకే ఇవ్వడం వివక్ష అని 1999లో ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కమిటీ తేల్చింది. కమిటీ మాటే న్యాయమని నాకు అనిపిస్తుంది. కానీ చట్టం మారలేదు కాబట్టి ఉన్న పద్ధతిలోనే మనం నిర్ణయించుకోవాలి.

అపోహ: ఇంటి పన్ను కాగితంలో ‘పబ్లిక్’ అని ఉంటే మన డబ్బు ఆ బడులకే, ‘సెపరేట్’ అని ఉంటే క్యాథలిక్ బడులకే పోతుంది.

వాస్తవం: 1998 నుంచి నిధులు విద్యార్థుల సంఖ్య ఆధారంగా రాష్ట్రం లెక్కగట్టి ఇస్తోంది. ఆ కాగితంలోని మాట మీరు ఏ బోర్డు ట్రస్టీకి ఓటేస్తారో తేలుస్తుంది. మీరు కట్టే పన్ను మారదు.

అపోహ: క్రైస్తవులమైతే చాలు, సీటు ఇచ్చేస్తారు.

వాస్తవం: గుంటూరు, కృష్ణా జిల్లాల నుంచి వచ్చిన లూథరన్, బాప్టిస్టు, సీఎస్‌ఐ, పెంతెకొస్తు కుటుంబాలు చాలా ఈ నమ్మకంతోనే వెళ్లి ఇబ్బందిపడతాయి. ఎలిమెంటరీ క్యాథలిక్ బడి అడిగేది క్యాథలిక్ జ్ఞానస్నాన పత్రం, పిల్లవాడిది గానీ తల్లిదండ్రుల్లో ఒకరిది గానీ. మన ఆర్‌సీఎం (రోమన్ క్యాథలిక్) కుటుంబాలైతే ఊళ్లోని విచారణ (పారిష్) గురువును అడిగి ఆ పత్రం ముందే తెప్పించుకోవడం మంచిది. క్యాథలిక్‌లు కానివారిని ఎలిమెంటరీలో చేర్చుకోవాలా వద్దా అన్నది బోర్డు ఇష్టం. కొన్ని చేర్చుకుంటాయి, కొన్ని చేర్చుకోవు. తొమ్మిదో తరగతి నుంచి సంగతి వేరు. హైస్కూల్లో చేరడానికి చట్టప్రకారం మతం అడ్డు కాదు.

అపోహ: మతం వారానికి ఒకటో రెండో పీరియడ్లు, మిగతాదంతా మామూలు బడే.

వాస్తవం: తల్లిదండ్రులు అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచించాల్సింది ఇక్కడే. రోజు ప్రార్థనతో మొదలవుతుంది. ఏడాదిలో ఎన్నోసార్లు దివ్యపూజ (మాస్) ఉంటుంది. రెండో తరగతిలో తోటి పిల్లలంతా మొదటి దివ్యసత్ప్రసాదానికి (ఫస్ట్ కమ్యూనియన్) సిద్ధమవుతారు, పై తరగతుల్లో భద్రమైన అభ్యంగనానికి (కన్ఫర్మేషన్). ఆరోగ్య పాఠాల్లో శరీరం, కుటుంబం గురించిన భాగాన్ని బిషప్పులు రూపొందించిన ‘ఫుల్లీ అలైవ్’ కార్యక్రమం ద్వారా చెబుతారు. క్యాథలిక్ తల్లిదండ్రులకు ఇదంతా వరం. వాళ్లు ఇంట్లో చెప్పుకునేదే బడిలోనూ వినిపిస్తుంది. మరో మతం ఇంటి పిల్లకు మాత్రం రెండో తరగతిలోనే తాను వేరని తెలిసొస్తుంది. ఏడేళ్ల పిల్ల మనసులో అది చిన్న విషయం కాదు.

హైస్కూల్లో క్యాథలిక్‌లు కాని విద్యార్థులకు, తల్లిదండ్రులు రాసి ఇస్తే, మతపాఠాల నుంచి మినహాయింపు ఉంది. అది పూజలకూ రిట్రీట్‌లకూ కూడా వర్తిస్తుందని 2014లో కోర్టు తీర్పు వచ్చింది. ఎలిమెంటరీకి అలాంటి హక్కు లేదు.

కొన్ని కుటుంబాలు సీటు కోసమే పిల్లలకు జ్ఞానస్నానం ఇప్పిస్తున్నాయి. ఈ మాట గట్టిగానే చెబుతాను: అలా చేయకండి. ఒకరు ప్రాణంగా చూసుకునే సంస్కారాన్ని అడ్మిషన్ ఫారంగా వాడుకోవడం వాళ్లకు అవమానం, మన పిల్లలకు తప్పుడు పాఠం.

అపోహ: చదువు క్యాథలిక్ బడిలోనే బాగుంటుంది.

వాస్తవం: సిలబస్ ఒక్కటే. మూడు, ఆరు, తొమ్మిది తరగతుల్లో రాష్ట్ర పరీక్షలు ఒక్కటే. టీచర్లకు లైసెన్సు ఇచ్చేదీ ఒకే సంస్థ, అంటారియో కాలేజ్ ఆఫ్ టీచర్స్. ఇప్పుడు క్యాథలిక్ బడుల్లో పాఠాలు చెప్పేది దాదాపు అందరూ మామూలు గృహస్థులే, మనం ఊహించుకునే సిస్టర్లు కారు. జీవశాస్త్రంలో పరిణామ సిద్ధాంతం అక్కడా ఉంటుంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల విషయంలో రెండు రకాల బోర్డులకూ ఒకే చట్టం, ఒకే బాధ్యత.

మార్కుల్లో సగటు తేడా కనిపించినా అది బడి గొప్పదనమో, అక్కడికి వచ్చే కుటుంబాల తేడానో చెప్పడం కష్టం. తర్వాత నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త డేవిడ్ కార్డ్, మార్టిన్ డూలీ, అబిగైల్ పేన్ 2010లో ప్రచురించిన అధ్యయనం అంటారియో బడుల మీదే. పిల్లల కోసం రెండు వ్యవస్థలూ పోటీపడే చోట మూడు నుంచి ఆరో తరగతి మధ్య పిల్లలు కాస్త ఎక్కువ మెరుగుపడ్డారని వాళ్లు గమనించారు. ఆ లాభం రెండు రకాల బడుల్లోనూ కనిపించింది. బోర్డు పేరు చూసి కాదు, మీ వీధికి కేటాయించిన ఆ ఒక్క బడిని చూసి తూకం వేయండి.

అపోహ: పబ్లిక్ బడిలో దేవుడి మాట ఎత్తకూడదు, విలువలు ఉండవు.

వాస్తవం: ఒకప్పుడు పబ్లిక్ బడుల్లోనూ క్రైస్తవ ప్రార్థన ఉండేది. సడ్‌బరీకి చెందిన తల్లిదండ్రుల కేసులో 1988లో అంటారియో అప్పీల్ కోర్టు దాన్ని కొట్టేసింది. ఇప్పుడు బడి ఏ మతాన్నీ బోధించదు. దీపావళికి సెలవు అడగడానికీ, బొట్టు పెట్టుకోవడానికీ, తలపాగా కట్టుకోవడానికీ అడ్డు లేదు. నిజాయితీ, గౌరవం, తోటివాళ్ల పట్ల దయ అక్కడి టీచర్లూ నేర్పుతారు.

కాబట్టి ఇంట్లో క్యాథలిక్ విశ్వాసం నిజంగా ఉంటే క్యాథలిక్ బడికి వెళ్లండి. లేకపోతే పబ్లిక్ బడి తక్కువేమీ కాదు. ముందు రెండు బడులకూ వెళ్లి ప్రిన్సిపాల్‌ను కలవండి. ఎనిమిదో తరగతి తర్వాత ఎటునుంచి ఎటైనా మారే దారి ఎలాగూ ఉంది. అప్పటికి పిల్లకు పద్నాలుగేళ్లు వస్తాయి, నిర్ణయంలో ఆమె మాట కూడా అడగండి.